సైకెడెలిక్ పోస్టర్లు: ప్రకటనా, తిరుగుబాటా, మత్తు కళా?

కరిగి జారిపోతున్నట్టుండే అక్షరాలు, కళ్లలో గుచ్చుకునే ఎరుపు, నీలం, గులాబీలు తలకు చుట్టుకున్న అస్థిపంజరం. ఈ రకం బొమ్మలు ఇప్పుడు టీషర్టుల మీద, కాఫీ షాపు గోడల మీద, పోస్టర్లు చేసిపెట్టే యాప్‌లలో 'రెట్రో' పేరుతో ఎక్కడ పడితే అక్కడ కనిపిస్తున్నాయి. ఇవేంటని అడిగితే ఒక్కొక్కరూ ఒక్కో మాట చెబుతారు. మత్తులో గీసినవని కొందరు, హిప్పీల తిరుగుబాటు గుర్తులని కొందరు, ఎంత చెప్పినా టికెట్లు అమ్ముకోవడానికి వేసినవే కదా అని ఇంకొందరు. మూడింట్లోనూ నిజం ఉంది. ఏది ఎంత అన్న దగ్గరే చిక్కు.

ఆ పోస్టర్లలో దేన్ని చూసినా బ్యాండ్ల పేర్లు, హాలు, తేదీ కనిపిస్తాయి. చాలావాటి మీద టికెట్లు ఏ షాపుల్లో దొరుకుతాయో కూడా ఉంటుంది. అంటే అవి పుట్టింది ప్రకటనలుగానే. దారిన పోయేవాడికి దూరం నుంచే కనబడాలి, ఒక్క చూపులో విషయం తెలియాలి అన్నది ప్రకటనకు మొదటి పాఠం. 1966లో శాన్‌ఫ్రాన్సిస్కో కళాకారులు ఆ పాఠాన్నే పక్కన పెట్టేశారు. అయినా హాళ్లు నిండాయి. ఆ సంగతి ఎలా సాధ్యమైందో చూస్తే మిగతా చిక్కుముళ్లు చాలావరకు విడిపోతాయి.

## రెండు మాటలు, ఒక ఊరు

ఎల్‌ఎస్‌డీ లాంటి పదార్థాలు మనిషికి కనిపించే తీరును, కాలం గడిచే తీరును మార్చేస్తాయి. అలాంటివాటికి 1950లలో హంఫ్రీ ఆస్మండ్ అనే మానసిక వైద్యుడు పెట్టిన పేరు సైకెడెలిక్. తర్వాత ఆ అనుభవాన్ని తలపించే సంగీతానికీ, బొమ్మలకూ అదే పేరు వచ్చింది. మంచి ఉద్యోగం, సొంతిల్లు, కారు, చెప్పినట్టు వినడం అనే జీవితాన్ని వద్దనుకున్న 1960ల అమెరికన్ యువతరం తమకంటూ కట్టుకున్న వేరే లోకం కౌంటర్ కల్చర్. వియత్నాం యుద్ధానికి బలవంతంగా సైన్యంలోకి తీసుకుంటున్న రోజులవి. ఆ కోపం అడుగున ఎప్పుడూ ఉంది.

అయితే వాళ్లందరిదీ ఒకే దారి కాదు. బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో 1964లో వాక్‌స్వేచ్ఛ ఉద్యమం నడిపిన విద్యార్థులది రాజకీయం. అఖాతానికి అవతల, శాన్‌ఫ్రాన్సిస్కోలోని హైట్-ఆష్‌బరీ వీధుల్లో చేరిన హిప్పీలది సంగీతం, కలిసి బతకడం, ఎల్‌ఎస్‌డీ. ఒకళ్లంటే ఒకళ్లకు కాస్త అనుమానమే. ఇద్దరినీ ఒక చోట చేర్చాలనే 1967 జనవరి 14న గోల్డెన్ గేట్ పార్కులో 'హ్యూమన్ బీ-ఇన్' అనే పెద్ద సభ పెట్టారు. మనం మాట్లాడుకుంటున్న పోస్టర్లు ప్రధానంగా ఈ రెండో గుంపు నుంచి వచ్చినవి.

వాటికి గిరాకీ తెచ్చినవి రెండు డాన్సు హాళ్లు. ఫిల్‌మోర్ ఆడిటోరియం బిల్ గ్రాహమ్‌ది. అతను బెర్లిన్‌లో పుట్టిన యూదుడు, చిన్నతనంలోనే నాజీల నుంచి తప్పించుకుని అమెరికా చేరాడు. లెక్కల్లో చాలా గట్టివాడు. సటర్ వీధిలోని అవలాన్ బాల్‌రూమ్‌ను నడిపింది ఫ్యామిలీ డాగ్ అనే బృందం. దాని సారథి చెట్ హెల్మ్స్ పొడుగు జుట్టు హిప్పీ, డబ్బు విషయంలో ఉదారుడు. వారం వారం కచేరీలు, వారం వారం కొత్త పోస్టర్లు. గ్రాహమ్ స్కూటర్ వేసుకుని షాపు షాపుకీ తిరిగి తనే అంటించేవాడు. వెనకాలే జనం పీకి ఇంటికి పట్టుకుపోయేవారు. ఆ దొంగతనమే పోస్టర్‌కు మార్కెట్ ఉందని మొదట చెప్పింది.

## అక్షరాన్ని బొమ్మగా మార్చిన వెస్ విల్సన్

విల్సన్ ప్రింటింగ్ ప్రెస్సులో పనిచేస్తూ గీతలు నేర్చుకున్నవాడు. 1965లో అమెరికా జెండాలో స్వస్తిక గుర్తు ఇరికించి, 'తర్వాత మనమేనా?' అని అడిగే యుద్ధ వ్యతిరేక పోస్టర్‌ను సొంతంగా అచ్చు వేశాడు. కాబట్టి హిప్పీ పోస్టర్లకు రాజకీయంతో సంబంధమే లేదనడం కుదరదు. ఈ పరంపరలో మొదటి పెద్ద పేరు తెచ్చుకున్నవాడు మొదలుపెట్టిందే రాజకీయంతో.

1965 చివర్లో బర్క్‌లీలో పాత జర్మన్ పోస్టర్ల ప్రదర్శన జరిగింది. దాని కేటలాగ్‌లో వియన్నా కళాకారుడు ఆల్‌ఫ్రెడ్ రోలర్ 1900ల తొలి ఏళ్లలో గీసిన అక్షరాలు విల్సన్ కంట పడ్డాయి. లావుగా, చదరంగా, పక్క అక్షరానికి సందు ఇవ్వకుండా గళ్లు నింపే అక్షరాలవి. విల్సన్ ఆ చదరాన్ని వంచాడు, సాగదీశాడు, గాలి ఊదినట్టు ఉబ్బించాడు. అక్షరాలు ఏ ఆకారంలోనైనా ఒదిగిపోవడం మొదలైంది.

1966 జూలైలో ఫిల్‌మోర్‌కు గీసిన పోస్టర్ చూడండి. 'ది అసోసియేషన్' బ్యాండ్‌తో పాటు మరికొన్ని పేర్లున్న ఆ పోస్టర్‌లో ఆకుపచ్చ నేల మీద ఎర్రటి మంట లేస్తుంటుంది. దగ్గరికి వెళ్తే ఆ మంటంతా అక్షరాలే. ఒక నాలుక వెడల్పయిన చోట అక్షరం వెడల్పవుతుంది, కొస సన్నబడిన చోట అక్షరమూ సన్నబడుతుంది. అక్షరాల మధ్య మిగిలిన ఆకుపచ్చ సందులు కూడా అక్షరాలంత బలంగా ఉంటాయి. దాంతో ఏది అక్షరం, ఏది సందు అని కన్ను తడబడుతుంది. పోస్టర్ ముందు నిలబడి, తల వంచి, కూడబలుక్కుని చదవాలి. అలా నిలబడే ఓపిక ఉన్నవాళ్లే ఆ కచేరీలకు వెళ్లేవాళ్లు. చదవలేక విసుక్కుని వెళ్లిపోయే పెద్దమనిషి ఎలాగూ టికెట్ కొనడు. చదవడం కష్టం చేయడమే ఇక్కడ జనాన్ని ఎంచుకునే పద్ధతి అయింది. ప్రకటన నియమాన్ని తప్పినా ప్రకటన దెబ్బతినకపోవడానికి కారణం అదే.

## రంగులు ఎందుకు ఊగుతాయి?

దీనికి జవాబు విక్టర్ మొస్కోసో దగ్గర ఉంది. స్పెయిన్‌లో పుట్టి న్యూయార్క్‌లో పెరిగాడు. ఈ బృందంలో అందరికంటే పద్ధతిగా కళ చదువుకున్నవాడు. యేల్ విశ్వవిద్యాలయంలో అతని గురువు జోసెఫ్ ఆల్బర్స్, పక్కన ఏ రంగుందనే దాన్ని బట్టి ఒకే రంగు ఎలా మారినట్టు కనిపిస్తుందో జీవితాంతం పరిశీలించిన మనిషి. అక్కడ చెప్పిన పాఠం: పక్కపక్కనే కొట్టుకునే రంగులు పెట్టకండి, కంటికి ఇబ్బంది. మొస్కోసో మొదటి పోస్టర్లు ఆ పాఠం ప్రకారం చేశాడు, చప్పగా వచ్చాయి. బడిలో నేర్చుకున్న నియమాలన్నిటినీ తిరగేస్తే తప్ప లాభం లేదని అర్థమైందని తర్వాత చాలాసార్లు చెప్పుకున్నాడు.

అతను చేసినదాని వెనక ఉన్న లెక్క ఇది. ఒక వస్తువు అంచు ఎక్కడుందో కన్ను పట్టుకునేది ఎక్కువగా వెలుగు తేడాతో. తెల్ల కాగితం మీద నల్ల అక్షరం స్పష్టంగా కనబడేది అందుకే. ఎరుపు మీద నీలం పెట్టి, రెండింటి వెలుగునూ ఇంచుమించు సమానం చేస్తే, రంగు వేరని తెలుస్తుంది గానీ అంచు ఎక్కడో తేలదు. పైగా కంటి కటకం ఎర్రటి వెలుతురునూ నీలి వెలుతురునూ ఒకే చోట కేంద్రీకరించలేదు. ఒకటి ముందుకొచ్చినట్టు, ఒకటి వెనక్కి పోయినట్టు అనిపిస్తుంది. అంచు నిలకడగా ఉండదు. ఆ అంచు దగ్గరే రంగు ఊగుతున్నట్టు ఉంటుంది.

ఇది ఫోన్‌లో తేలిగ్గా తేల్చుకోవచ్చు. మొస్కోసో 1967లో 'నియాన్ రోజ్' పేరిట 'మ్యాట్రిక్స్' క్లబ్బుకు చేసిన పోస్టర్లలో ఒకదాన్ని వెతికి, స్క్రీన్‌షాట్ తీసి, ఎడిటింగ్‌లో బ్లాక్ అండ్ వైట్ చేయండి. రంగుల్లో కళ్లు చెదరగొట్టిన అక్షరాలు చాలా చోట్ల వెనకున్న బూడిద రంగులో కలిసిపోతాయి. అదే పని ఒక మామూలు సినిమా పోస్టర్‌కు చేయండి. రంగు పోతుంది గానీ పేరు చక్కగా చదవొచ్చు. సాధారణ డిజైనర్ భయపడి దూరంగా పెట్టే ఆ సమానతనే మొస్కోసో కావాలని వెతికి పట్టుకున్నాడు. ఎర్ర లైటు, నీలి లైటు మార్చి మార్చి వేస్తే బొమ్మ కదిలినట్టు కనబడే పోస్టర్లు కూడా చేశాడు. కచేరీ హాళ్లలో గోడల మీద రంగురంగుల లైట్ షోలు ఆడించే కాలం కాబట్టి, అలాంటి కళ అక్కడివాళ్లకు ఇట్టే అందింది.

## ప్రెస్సు చేసిన పని

ఈ కళ గురించి రాసేవాళ్లు ప్రెస్సును పెద్దగా పట్టించుకోరు. నాకైతే సగం ఘనత దానిదే అనిపిస్తుంది.

ఇవి చాలావరకు ఆఫ్‌సెట్‌లో అచ్చైనవి. కళాకారుడు రంగుల పెయింటింగ్ వేసి ప్రెస్సుకు ఇవ్వడం అప్పట్లో తక్కువ. ఒక్కో రంగుకు ఒక్కో షీటు మీద నల్ల సిరాతో గీసి ఇచ్చేవాడు. దాన్ని ఫోటో తీసి ప్లేటు చేసేవారు. ఏ ప్లేటుకు ఏ సిరా అనేది ప్రెస్సులో చెప్పేవాడు. ఆ బొమ్మను రంగుల్లో కళాకారుడు కూడా మొదటిసారి చూసేది మిషన్ మీద నుంచి కాగితం బయటికొచ్చాకే.

మూడు ప్లేట్లు అనుకుందాం: పసుపు, ముదురు గులాబీ, నీలం. సిరాలు పల్చగా, వెనకున్నది కనబడేలా ఉంటే పసుపు మీద నీలం పడ్డ చోట ఆకుపచ్చ, పసుపు మీద గులాబీ పడ్డ చోట ఎరుపు, గులాబీ మీద నీలం పడ్డ చోట వంగపండు రంగు వస్తాయి. మూడూ పడ్డ చోట దాదాపు నలుపు. ఏదీ పడని చోట కాగితం తెలుపు. మూడు సార్లు అచ్చు వేసిన ఖర్చుకు ఎనిమిది రంగులు. ఇంకో ఉపాయం, ఒకే సిరా తొట్టిలో ఒక పక్క ఒక రంగు, ఇంకో పక్క ఇంకో రంగు పోయడం. రోలర్లు తిరిగేకొద్దీ మధ్యలో రెండూ కలుస్తాయి. పోస్టర్ ఎడమ నుంచి కుడికి ఇంద్రధనుస్సులా మారుతుంది. తక్కువ డబ్బుతో, వారం గడువుతో పనిచేసేవాళ్లకు ఇవి వరాలు.

ఆ పని తెలిసిన చేయి లేవాన్ మొస్గోఫియన్‌ది, 'టీ లోత్రెక్' ప్రెస్సులో. తెలిసిన ముద్రాపకులు 'ఈ రంగు మీద ఆ రంగు వేయకూడదు' అనేవన్నీ ఈ కుర్రాళ్లు అడిగితే అతను వేసి చూపించాడు. అతని పేరు చాలామందికి తెలియకపోవడం నాకు బాధగా ఉంటుంది.

## మరి ఎల్‌ఎస్‌డీ వాటా ఎంత?

కాదనలేనివి ముందు చెప్పుకోవాలి. కాలిఫోర్నియాలో 1966 అక్టోబర్ 6 వరకు ఎల్‌ఎస్‌డీ నేరం కాదు. రచయిత కెన్ కీసీ బృందం బహిరంగంగా 'యాసిడ్ టెస్టు'లు, అంటే ఎల్‌ఎస్‌డీ తీసుకునే వేడుకలు, నడిపింది. 1966 జనవరిలో లాంగ్‌షోర్‌మెన్స్ హాల్లో మూడు రోజులు జరిగిన ట్రిప్స్ ఫెస్టివల్ దానికి పెద్ద వేదిక. దాని ప్రచార డిజైన్ విల్సన్‌ది. ఈ కళాకారుల్లో చాలామంది తాము వాడామని దాచలేదు. అంచులు కదలడం, రంగులు చిక్కబడటం ఎల్‌ఎస్‌డీ అనుభవంలో మామూలు. వాళ్లు ఎవరి కోసం గీస్తున్నారో ఆ జనానికి ఇవన్నీ పరిచయమే.

కానీ బొమ్మల్లోని ఒక్కో అంశానికీ మూలం వెతికితే మత్తు కాకుండా చదువు, వృత్తి, గ్రంథాలయం కనిపిస్తాయి. అక్షరాలు వియన్నా నుంచి. రంగుల లెక్క యేల్ నుంచి. ఇంకో పోస్టర్ కళాకారుడు స్టాన్లీ మౌస్ చేయి తిరిగింది డెట్రాయిట్‌లో, కార్ల ప్రదర్శనల్లో టీషర్టుల మీద స్ప్రేతో రాక్షసులను గీస్తూ. రిక్ గ్రిఫిన్ సర్ఫింగ్ పత్రికకు కార్టూన్లు వేసి వచ్చాడు. 1968 ఫిబ్రవరిలో గిటారిస్టు జిమీ హెండ్రిక్స్ కచేరీలకు అతను గీసిన రెక్కల కనుగుడ్డు, మంటల వలయాన్ని చీల్చుకు వచ్చే ఆ బొమ్మలో కార్టూనిస్టు గీత స్పష్టం. ఎల్‌ఎస్‌డీ వాళ్లకు ఏది వెతకాలో చెప్పి ఉండొచ్చు. చేతికి పని నేర్పింది మాత్రం అది కాదు. తీసుకున్న వేలమందిలో గీయగలిగినవాళ్లు గుప్పెడు మందే.

## కాపీయా, కొత్త సృష్టా?

గులాబీల అస్థిపంజరం ఈ వాదానికి మంచి ఉదాహరణ. 1966 సెప్టెంబర్‌లో అవలాన్‌లో గ్రేట్‌ఫుల్ డెడ్ అనే బ్యాండ్ కచేరీకి మౌస్, ఆల్టన్ కెల్లీ కలిసి చేశారు. బొమ్మ వాళ్లది కాదు. ఇంగ్లిష్ చిత్రకారుడు ఎడ్మండ్ సలివన్ ఉమర్ ఖయ్యాం రుబాయీలకు వేసిన బొమ్మ అది, 1913లో పుస్తకంగా వచ్చింది. నలుపు తెలుపు గీతలకు వీళ్లు రంగులు వేశారు, చుట్టూ చట్రం, అక్షరాలు చేర్చారు. అదే ఏడాది అక్టోబర్ పోస్టర్‌లో ఆకుపచ్చ జుట్టు అమ్మాయి, అల్ఫోన్స్ ముఖా 1896లో సిగరెట్ కాగితం కంపెనీకి వేసిన ప్రకటన నుంచి వచ్చింది. అంతకుముందు జిగ్-జాగ్ సిగరెట్ కాగితం మీది గడ్డపు మనిషినే పోస్టర్ నిండా పెట్టేశారు. కాపీల గురించి మీకు తెలియనిది మీకు హాని చేయదు అన్న అర్థంలో కింద చిన్న అక్షరాలతో ఒక వాక్యం కూడా రాశారు.

ఇది సోమరితనమని ఒక వాదం. తాతల నాటి బొమ్మలను కొత్త జనం ముందు కొత్త అర్థంతో పెట్టడం కూడా కళేనని ఇంకో వాదం. ఒక్కటి మాత్రం చూస్తే తెలుస్తుంది. సలివన్ పుస్తకంలో ఆ అస్థిపంజరం మరణాన్ని తలపిస్తుంది. పోస్టర్ మీద అదే బొమ్మ ఒక బ్యాండ్‌కు శాశ్వత గుర్తయింది. బ్యాండ్ పేరులోని 'డెడ్'కు ముఖం దొరికింది. పాత బొమ్మలో ఆ పని లేదు.

## డబ్బు దగ్గర తేలిన తగాదా

కౌంటర్ కల్చర్ వ్యాపారాన్ని కాదంది, వాళ్ల పోస్టర్లు మాత్రం వ్యాపారంలో తేలాయి. 1967 నాటికి ఒక్కో డాలరుకు పోస్టర్ షాపుల్లో అమ్ముడవుతున్నాయి. సెప్టెంబర్‌లో లైఫ్ పత్రిక ముఖచిత్ర కథనం రాసింది. హైట్ వీధుల్లో ఉచితంగా భోజనం పెట్టిన 'డిగ్గర్స్' బృందం, ప్రేమ పేరు చెప్పి సొమ్ము చేసుకుంటున్నారని కచేరీల నిర్వాహకుల మీద మండిపడింది. ఆ అక్టోబర్‌లో 'హిప్పీ మరణం' పేరుతో వీధిలో శవయాత్రే నడిచింది.

కళాకారుల తగాదా ఇంకా సూటిగా ఉంది. గ్రాహమ్ తనకు రావాల్సిన వాటా ఇవ్వడం లేదని విల్సన్ 1967లో తప్పుకున్నాడు. వెళ్తూ గీసిన ఆఖరి పోస్టర్‌లో కోరల పాముతో పాటు డాలర్ గుర్తును పెట్టాడు. మొస్కోసో ఇంకో దారి పట్టాడు. నియాన్ రోజ్ పోస్టర్లను తనే ప్రచురించి హక్కులు తన దగ్గరే ఉంచుకున్నాడు. గ్రాహమ్ పక్షాన చెప్పగలిగినదీ ఉంది. ప్రెస్సు ఖర్చు, హాలు అద్దె, నష్టం వస్తే ఆ భారం అతనివే. బ్యాండ్లకు సమయానికి డబ్బు ఇచ్చే పేరూ అతనిదే. ఉదారంగా నడిపిన హెల్మ్స్ 1968 చివరికి అవలాన్‌నే పోగొట్టుకున్నాడు. రెండు హాళ్ల చరిత్రా పక్కపక్కన పెడితే, వ్యాపారం లేకపోతే ఇన్ని పోస్టర్లు అచ్చయ్యేవే కావు. ఆ వ్యాపారంలో గీసినవాడి వాటా చిన్నదన్నదీ అంతే నిజం.

## పోస్టర్ మీద కనబడనివాళ్లు

ఫిల్‌మోర్ నల్లజాతివారి పేట. ఆ హాలును ఏళ్లుగా నడిపింది చార్లెస్ సలివన్ అనే నల్లజాతి నిర్వాహకుడు. అతని అనుమతి పత్రం మీదే గ్రాహమ్ అక్కడ మొదలుపెట్టాడు. 1966 ఆగస్టులో సలివన్ హత్యకు గురయ్యాడు. అదే కాలంలో పునరభివృద్ధి పేరుతో ఆ పేట ఇళ్లను కూల్చేస్తున్నారు. పక్కనే ఓక్లండ్‌లో నల్లజాతివారి హక్కుల కోసం పోరాడిన బ్లాక్ పాంథర్ పార్టీ పత్రికకు ఎమరీ డగ్లస్ గీసిన బొమ్మలు చూస్తే కౌంటర్ కల్చర్ అనే ఒక్క మాట కింద ఎన్ని వేరు బతుకులున్నాయో అర్థమవుతుంది. అక్కడ అక్షరాలు లావుగా, స్పష్టంగా, ఎవరైనా చదివేలా ఉంటాయి. అలా ఉండాల్సిన అవసరం వాళ్లకుంది.

ఆడవాళ్ల నగ్న శరీరాలు ఈ పోస్టర్లలో కోకొల్లలు, గీసిన ఆడవాళ్లు కొద్దిమందే. విల్సన్ వెళ్లాక ఫిల్‌మోర్ పోస్టర్లను భుజాన వేసుకున్న బోనీ మెక్లీన్, గ్రాహమ్ భార్య. గోతిక్ కిటికీల్లాంటి చట్రాలు, గంభీరమైన ముఖాలు ఆమె సొంతం. చాలాకాలం ఆమెను 'పెద్ద ఐదుగురు' (విల్సన్, మొస్కోసో, మౌస్, కెల్లీ, గ్రిఫిన్) అనే లెక్కలో కలపలేదు.

మన దేశమూ ఇందులో ఉంది. హ్యూమన్ బీ-ఇన్ పోస్టర్లలో ఒకదాని మీద జటలు కట్టిన సాధువు, నుదుట మూడో కన్ను. ఆ నెలాఖరున, జనవరి 29న, అవలాన్‌లో ఇస్కాన్ వ్యవస్థాపకులు భక్తివేదాంత స్వామి ప్రభుపాదులు, గ్రేట్‌ఫుల్ డెడ్, జానిస్ జాప్లిన్ పాడే బ్యాండ్ ఒకే వేదిక ఎక్కారు. పోస్టర్ మీద స్వామివారి ఫోటో. హెండ్రిక్స్ 1967 ఆల్బమ్ అట్ట మీదైతే మన దేవుళ్ల కేలండర్ బొమ్మల తరహా విశ్వరూపంలో అతని తలే పెట్టారు. ఆ బొమ్మ ఎంపిక హెండ్రిక్స్‌కే నచ్చలేదు. ఇది ప్రేమా, సరుకుగా వాడుకోవడమా అంటే రెండింటికీ ఆధారాలున్నాయి. ప్రభుపాదులు తన నామ సంకీర్తనకు వేదికగా ఆ హాలును మనసారా స్వీకరించారు. పండిట్ రవిశంకర్ మాత్రం తన సంగీతాన్ని మత్తుతో ముడిపెట్టడం చూసి బాధపడ్డారు, పైకే చెప్పారు.

## గోడ నుంచి వేలం దాకా

గ్రాహమ్ తర్వాత మారిన ఇంకో హాలు, ఫిల్‌మోర్ వెస్ట్, 1971 జూలైలో మూతపడింది. వారం వారం వచ్చే పోస్టర్ల ధార అక్కడితో ఆగింది. గియరీ, ఫిల్‌మోర్ వీధుల కూడలిలోని పాత హాలు ఇప్పటికీ కచేరీలు నడుపుతోంది. బే ఏరియాలో ఉన్న మనవాళ్లు వెళ్తే లోపల గోడల నిండా పాత పోస్టర్లు చూడొచ్చు. టికెట్లన్నీ అమ్ముడైన రాత్రుల్లో వెళ్లేవాళ్ల చేతికి కొత్త పోస్టర్ ఉచితంగా ఇచ్చే అలవాటూ సాగుతోంది.

పాతవాటి సంగతి వేరు. ఏది కచేరీకి ముందు అచ్చైన మొదటి ముద్రణ, ఏది గిరాకీ చూసి తర్వాత వేసినది అన్న తేడా మీద ధర నిలబడి ఉంది. కాగితం, కొలత, అంచు మీది చిన్న అక్షరాలు పరీక్షించి తేలుస్తారు. చెక్కుచెదరని గులాబీల అస్థిపంజరం మొదటి ముద్రణ ఇటీవలి వేలాల్లో లక్ష డాలర్లు దాటింది. మళ్లీ అమ్మినప్పుడు కళాకారుడికి వాటా ఇవ్వాలనే జాతీయ చట్టం అమెరికాలో లేదు. కాబట్టి ఆ సొమ్ములో మౌస్‌కు గానీ, 2008లో కన్నుమూసిన కెల్లీ కుటుంబానికి గానీ చట్టప్రకారం రావాల్సిందేమీ లేదు.